రెండో ముప్పై వేలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మాష్టారు విశాఖలో ఎంతోమంది కుర్రాళ్ళకి సినిమా చూడడం నేర్పారు. సినిమా అయిపోయి లైట్లు వెలగగానే ఆయన ముందుగా అడిగే ప్రశ్న ఒకటుండేది: కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం ఒక యుద్ధ చిత్రాన్ని అడుగుదామని వచ్చాను. నలభై ఏళ్ళ పైనుంచీ లోకమంతా "ఇది ఏ పక్షమూ పట్టని సినిమా" అని చెప్పుకుంటున్న సినిమా అది. జర్మన్లు తీసిన 'దాస్ బోట్'.

1981 సెప్టెంబరులో, అప్పటి పశ్చిమ జర్మనీలో అది విడుదలైంది. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్. ఆయన 1941లో ఎమ్డెన్ అనే ఓడరేవులో పుట్టాడు. సినిమా కథ జరిగింది కూడా 1941లోనే. లోథార్-గుంథర్ బుఖ్‌హైమ్ 1973లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. బుఖ్‌హైమ్ యుద్ధ విలేకరి, చిత్రకారుడు కూడా. 1941 చివర్లో యూ-96 అనే జర్మన్ జలాంతర్గామిలో ఆయన నిజంగానే ప్రయాణం చేశాడు. సినిమాలో ఆ జలాంతర్గామి ఫ్రాన్స్‌లోని లా రోషెల్ రేవు నుంచి బయల్దేరుతుంది. అట్లాంటిక్‌లో బ్రిటన్‌కి సరుకు మోసే ఓడల కోసం వెతుకుతుంది. దొరికినవాటిని ముంచుతుంది, తాను మునగబోయి బతుకుతుంది, చివరికి రేవు చేరుతుంది. చేరీ చేరగానే ఆకాశం నుంచి బాంబులు పడి అంతా అయిపోతుంది. కథ ఇంతే.

తెర మీద మొదట కొన్ని అక్షరాలు వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లో పనిచేసిన 40 వేల మందిలో 30 వేల మంది తిరిగి రాలేదని చెబుతాయవి. లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఆ వాక్యం పడగానే హాల్లో చప్పట్లు మోగాయట. పీటర్సన్ తరవాత చెప్పుకున్న సంగతి ఇది. శత్రువులు అంతమంది పోయారని అమెరికన్ ప్రేక్షకుల సంతోషం. ఇక ఈ సినిమా పని అయిపోయిందనుకున్నాడట ఆయన. రెండున్నర గంటలయ్యాక అదే హాలు లేచి నిలబడి మళ్ళీ చప్పట్లు కొట్టింది. ఈసారి ఆ చప్పట్లు ఆ చచ్చిపోయిన జర్మన్ కుర్రాళ్ళ కోసం. ఒక్క ఆట పూర్తయ్యేలోగా మనుషుల మనసుని అంత దూరం నడిపించిన యుద్ధ చిత్రం నాకు ఇంకొకటి తెలియదు.

ఆ గెలుపు ఎలా సాధ్యమైంది, దానికి ఎవరు ధర చెల్లించారు? నేను మాట్లాడదలచుకున్నది ఇదే.

ఎలా సాధ్యమైందో విశాఖ వాళ్ళకి చెప్పడం సులువు. మన బీచ్ రోడ్డు మీద కురుసురా ఉంది. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డుకి చేరి మ్యూజియం అయిన సోవియట్ తయారీ జలాంతర్గామి. లోపల తిప్పి చూపించేవాళ్ళూ మాజీ నావికులే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి ముందు ఒక కాలు పెట్టి, నడుం వంచి, తల దించి, తరవాత రెండో కాలు లాక్కోవాలి. ఎదురుగా మనిషొస్తే ఎవరో ఒకరు గోడకి అంటుకుపోవాలి. చెయ్యి ఎటు చాపినా గొట్టమో, చక్రమో, మీటరో తగులుతుంది. టార్పెడోల పక్కనే పడకలు. ఆ కురుసురా పొడవు 91 మీటర్లు. యూ-96 పొడవు 67 మీటర్లే. అందులో యాభై మంది, ఇరవై నాలుగు గంటలూ, వారాల తరబడి. ఉల్లిపాయలూ నిమ్మకాయలూ రొట్టెలూ సాసేజీలూ తల మీద వేలాడుతుంటాయి. ఒకడు లేచిన పడకలో ఇంకొకడు పడుకుంటాడు.

పీటర్సన్ మ్యూనిక్‌లోని బవేరియా స్టూడియోలో ఆ లోపలి భాగాన్ని అసలు కొలతలతోనే కట్టించాడు. మామూలుగా సెట్‌కి ఒక గోడ తీసేసి, కెమెరాని బయట పెట్టి చిత్రీకరిస్తారు. ఇక్కడ అలా చెయ్యలేదు. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో చిన్న ఆరిఫ్లెక్స్ కెమెరాకి గైరోస్కోపులు బిగించి, చేత్తో పట్టుకుని, దెబ్బలు తగలకుండా ఒంటికి మెత్తలూ తలకి హెల్మెట్టూ పెట్టుకుని, ఆ ఇరుకు దారిలో నటుల వెంట పరిగెత్తాడు. కెప్టెన్ డైవ్ అని అరిచినప్పుడు ముక్కు బరువెక్కి త్వరగా మునగాలని నావికులంతా వెనక నుంచి ముందుకి పరిగెడతారు. కంతలోంచి దూరుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ వెళ్తారు. కెమెరా కూడా వాళ్ళలో ఒకటై దూరుతుంది. సెట్టునంతా యంత్రాల మీద ఊపారు, ఒరిగించారు. కథ జరిగిన వరసలోనే చాలా భాగం తీశారు కాబట్టి నటుల గడ్డాలు నిజంగానే పెరిగాయి. వాళ్ళని ఎండలోకి వెళ్ళనివ్వలేదు, మొహాలు పాలిపోవాలని. కెప్టెన్‌గా వేసిన యుర్గెన్ ప్రోఖ్నోవ్ కళ్ళలో ఆ నీలం ఎంత చల్లగా కనిపిస్తుందో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

చూసే దృశ్యం కంటే వినే శబ్దం ఇంకా భయపెడుతుంది. నీటి అడుగున వీళ్ళకి కళ్ళుండవు, చెవులే. పైన డిస్ట్రాయర్ తిరుగుతుంటుంది. దాని సోనార్ శబ్దం ఉక్కు గోడకి తగిలి టింగుమంటుంది. కాసేపటికి మళ్ళీ టింగు. అది దగ్గరవుతుంది. హైడ్రోఫోను పెట్టుకున్నవాడు పంటి బిగువున వివరం చెబుతుంటాడు. డెప్త్ చార్జీలు నీళ్ళలో పడ్డ చప్పుడు, తరవాత నిశ్శబ్దం, తరవాత పేలుడు. బల్బులు పగులుతాయి. ఇంకా లోతుకి వెళ్తే నీటి ఒత్తిడికి ఉక్కు మూలుగుతుంది, బోల్టులు ఊడి తుపాకీ గుళ్ళలా ఎగిరిపోతాయి. హాల్లో కూర్చున్న మనం ఊపిరి బిగబట్టుకుంటాం. అలా బిగబట్టుకున్న క్షణంలో మనం ఎవరి పక్షమో తేలిపోయింది. కెమెరా ఎవరి పక్కన నిలబడిందన్న మాష్టారి ప్రశ్నకి అక్కడే జవాబు దొరికింది. పైనున్న డిస్ట్రాయర్ మనల్ని చంపడానికొచ్చింది. ఆ డిస్ట్రాయర్‌లో ఉన్నది హిట్లర్‌ని ఆపడానికి పోరాడుతున్న మనుషులన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తురాదు.

మరి దీన్ని రాజకీయం లేని సినిమా అని ఎలా అంటున్నారు? సినిమా మాటల్లో వెతికితే నాజీ వాదం దొరకదు, దానికి ఎదురు వాదమూ దొరకదు. ఉన్నదల్లా విసుగు. మొదట్లోనే ఒక తాగుడు పార్టీ. థామ్సెన్ అనే ఇంకో జలాంతర్గామి కెప్టెన్‌కి పెద్ద పతకం వచ్చింది. అతను నిలబడలేనంతగా తాగి ఫ్యూరర్ హిట్లర్‌ని వెక్కిరిస్తూ ఉపన్యాసం ఇస్తాడు. వింటున్నవాళ్ళ మొహాలు ఒక్కసారి బిగుసుకుపోతాయి. ఆ సీనులో అంత మత్తు, అంత గోల నడుమ కనిపించేది భయం. సముద్రంలోకి వెళ్ళాక ఆ భయం కూడా ఉండదు. అధికారుల భోజనాల బల్ల దగ్గర కెప్టెన్ నాయకుల ప్రగల్భాలని ఎగతాళి చేస్తాడు. గ్రామఫోను మీద 'టిప్పరేరీ' అనే ఇంగ్లీషు సైనికుల పాట పెట్టిస్తాడు, జర్మన్ నావికులు దాన్ని గొంతెత్తి పాడతారు. ఆ ఓడలో నమ్మకం గల నాజీ ఒక్కడే, ఫస్ట్ ఆఫీసర్. అందరూ మురికిలో, గడ్డాల్లో మునిగిపోతుంటే అతను మాత్రం గడ్డం గీసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చుంటాడు. అతన్ని ఎవరూ ఇష్టపడరు.

ఈ ఫస్ట్ ఆఫీసర్‌ని వాడుకున్న ఒక సీను నాకు చాలా ఇష్టం. స్పెయిన్‌లోని వీగో రేవులో, చీకట్లో, ఒక జర్మన్ వర్తక నౌక దగ్గర ఆగి ఇంధనం, తిండి తీసుకోవాలి. ఆ నౌకలో తెల్లటి బట్టలు, వెండి పళ్ళేలు, పళ్ళు, కేకులు, తళతళలాడే అధికారులు. లోపలికి వచ్చిన జలాంతర్గామి వాళ్ళ ఒంటి నిండా చమురు మరకలు, మొహాల నిండా గడ్డాలు. ఆతిథ్యమిచ్చే పెద్దమనిషి చెయ్యి చాపి నాజీ వందనం చేసి, కెప్టెన్‌ని దాటుకుని పోయి, శుభ్రంగా ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌నే కెప్టెన్ అనుకుని పలకరిస్తాడు. తరవాత అందరూ చుట్టూ మూగి వీరగాథలు చెప్పమంటారు. ఆ బల్ల చుట్టూ యుద్ధాన్ని దూరం నుంచి ప్రేమించేవాళ్ళున్నారు, యుద్ధం చేసి వచ్చినవాళ్ళున్నారు. ఒక్క వాదనా లేకుండా పీటర్సన్ వాళ్ళ మధ్య ఎంత దూరముందో చూపించాడు.

ఇలాంటి సీన్ల వల్లే ఇది రాజకీయాలకి అతీతమని చాలామంది మెచ్చుకున్నారు. ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అయితే సొంత దేశంలో గట్టి విమర్శలూ వచ్చాయి. అప్పటి పశ్చిమ జర్మనీ పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1979 జనవరిలో 'హోలోకాస్ట్' అనే అమెరికన్ ధారావాహిక అక్కడి టీవీలో వచ్చింది. యూదుల ఊచకోత గురించి అంతవరకూ ఇళ్ళల్లో నోరెత్తని తండ్రులని పిల్లలు నిలదీశారు. దేశమంతా అదే చర్చ. ఆ తరవాత రెండున్నరేళ్ళకే 'దాస్ బోట్' వచ్చింది. అందులోని జర్మన్ సైనికుడు అలసిపోయిన మనిషి, మంచివాడు, పై వాళ్ళ చేతిలో బలైపోయినవాడు. యుద్ధం ఎందుకు జరుగుతోందన్న ప్రశ్న ఓడలోకి రానేరాదు. ఆ తండ్రులకి ఇది ఊరటనిచ్చిన సినిమా అన్న ఆరోపణని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. బుఖ్‌హైమ్ కోపం వేరు. తన నవలలోని యుద్ధ వ్యతిరేకతని సినిమా ఉత్కంఠ కింద తొక్కేసిందని ఆయన బాహాటంగానే అన్నాడు. ఆయన ఆరోపణలో నాకు సగం న్యాయం కనిపిస్తుంది. ఉత్కంఠ ఉంది, నిజమే. కానీ ఆ ఉత్కంఠని దర్శకుడే తన చేతులతో పగలగొట్టిన చోటు ఒకటుంది. నా దృష్టిలో ఈ సినిమా మొత్తం బరువు దాని మీదే నిలిచింది.

ట్యాంకర్ సీను. దాన్ని కొంచెం నెమ్మదిగా చెప్పాలి.

ఒక రాత్రి వాళ్ళకి కాపలా కనిపించని కాన్వాయ్ దొరుకుతుంది. టార్పెడోలు వదులుతారు, తగులుతాయి. వెంటనే డిస్ట్రాయర్ వచ్చి గంటల తరబడి డెప్త్ చార్జీలతో వెంటాడుతుంది. యోహాన్ అనే ఇంజను నావికుడు మతి చలించి తన చోటు వదిలి బయటికి వచ్చేస్తాడు. కెప్టెన్ పిస్తోలు తీసుకోబోతాడు. ఎలాగో అందరూ బతుకుతారు. చాలాసేపటికి పైకి వస్తారు. చల్లటి గాలి. చుట్టూ చీకటి, ఆ చీకటి మధ్యలో వాళ్ళు కొట్టిన ట్యాంకరు. ఇంకా మునగలేదు. ముక్కు నుంచి తోక దాకా మండుతోంది. ఆ వెలుగు వీళ్ళ గడ్డాల మొహాల మీద పడుతుంది. పని పూర్తి చెయ్యాలని ఇంకో టార్పెడో వదలమంటాడు కెప్టెన్. అది తగులుతుంది. అప్పుడు మంటల వెలుగులో ఓడ మీద మనుషులు కదులుతూ కనిపిస్తారు. ఇన్ని గంటలైంది, వాళ్ళ వాళ్ళెవరూ వచ్చి వీళ్ళని తీసుకెళ్ళలేదా అని కెప్టెన్ నిర్ఘాంతపోతాడు. మనుషులు నీళ్ళలోకి దూకుతారు. కొందరి ఒంటి మీద మంటలు. నీళ్ళ మీద చమురు మండుతోంది. వాళ్ళు ఈదుతూ వీళ్ళ వైపే వస్తున్నారు. కేకలు వేస్తున్నారు.

జలాంతర్గామిలో అదనంగా ఒక్క మనిషికి చోటు లేదు. మునిగే ఓడల వాళ్ళని కాపాడవద్దన్న ఉత్తర్వూ ఉంది. కెప్టెన్ వెనక్కి వెళ్ళమని ఆజ్ఞ ఇస్తాడు. ఇంజన్లు నెమ్మదిగా వెనక్కి తిరుగుతాయి. ఈదుతున్న మనుషులకీ జలాంతర్గామికీ మధ్య నీళ్ళు పెరుగుతాయి. పైన నిలబడ్డవాళ్ళలో ఒకడు ఏడుస్తాడు. ఎవరూ ఎవరి మొహం వంకా చూడరు.

అంతవరకూ మనం ఈ ఉక్కు గొట్టంలో బిగుసుకుపోయి, పైనున్నవాడు మనల్ని చంపకుండా పోతే చాలని మొక్కుకున్నాం. మూత తెరిచి పైకి వచ్చేసరికి మనమే చంపినవాళ్ళం. సినిమా దీన్ని వాదించలేదు, సంగీతంతో బతిమాలలేదు. చూపించింది, వెనక్కి తగ్గింది. ఈ సీను లేకపోతే 'దాస్ బోట్' గొప్ప పనితనంతో చేసిన సాకుగా మిగిలేదని నా నమ్మకం. ఉంది కాబట్టే అది పెద్ద సినిమా. పక్షం పట్టకపోవడం గోడమీద పిల్లివాటం అయిపోకుండా కాపాడింది ఈ కొద్ది నిమిషాలే.

అయినా నా మనసు పూర్తిగా తేలికపడదు. కారణం ఆ మొదటి అక్షరాలు. 40 వేల మందిలో 30 వేల మంది తిరిగి రాలేదు. సరే. మరి ఆ ట్యాంకరు మీద వాళ్ళు? బ్రిటిష్ జెండా కింద నడిచిన సరుకు ఓడల మీద ఆ యుద్ధంలో 30 వేల మందికి పైగా నావికులు పోయారు. అంకె దాదాపు అదే. వాళ్ళు సైనికులు కూడా కాదు, కూలికి పనిచేసే నావికులు. పిండి, నూనె, బొగ్గు మోసేవాళ్ళు. సినిమా ఒక ముప్పై వేలని పేరుపెట్టి తలుచుకుంది. రెండో ముప్పై వేలకి తెర మీద ఒక్క వాక్యమూ దక్కలేదు. మంటల వెలుగులో నీడలుగా కొన్ని నిమిషాలు కనిపించారు, అంతే.

కల్పన మాట పక్కన పెట్టి అసలు యూ-96 సంగతి చూడండి. బుఖ్‌హైమ్ అందులో ఎక్కిన ఏడాదే, జనవరి 17న, అదే జలాంతర్గామి 'ఆల్మెడా స్టార్' అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడని ముంచింది. ప్రయాణికులు, సిబ్బంది, సైనికులు కలిపి 360 మంది. ఒక్కరంటే ఒక్కరు బతకలేదు. అప్పటికి యూ-96 కమాండర్ హైన్రిఖ్ లేమన్-విల్లెన్‌బ్రోక్. సినిమాలో ప్రోఖ్నోవ్ వేసిన కెప్టెన్‌కి మూలం ఆయనే. యుద్ధం తరవాత బతికి, ఈ సినిమాకి సలహాదారుగానూ ఉన్నాడు. ఆయన్ని రాక్షసుడనడానికి ఇది చెప్పడం లేదు. పీటర్సన్ తీసుకున్నది ఆ ఏడాది చివరి ప్రయాణం. జనవరి ప్రయాణం తీసుకుని ఉంటే, అదే పనితనంతో, అదే నటులతో, అదే ఇరుకు గదుల్లో తీసినా, హాల్లో చివర ఎవరైనా లేచి చప్పట్లు కొట్టేవారా? ఏ ప్రయాణాన్ని కథ చేసుకోవాలో ఎంచుకోవడంలోనే ఒక పక్షం ఉంది. కెమెరాలో రీలు పెట్టకముందే ఆ పక్షం నిర్ణయమైపోతుంది.

ఆ రెండో ముప్పై వేల గురించి మనకి ఇంకో కారణంగా కూడా పట్టింపు ఉండాలి. యుద్ధానికి ముందు బ్రిటిష్ వర్తక నౌకల మీద పనిచేసేవాళ్ళలో దాదాపు నాలుగోవంతు భారతీయులు. లస్కర్లు అనేవారు వాళ్ళని. సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, మలబారు తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు. చాలామంది పని బాయిలర్ల దగ్గర, ఓడ అడుగున. జీతం తెల్ల నావికుడి జీతంలో చిన్న ముక్క. యుద్ధం మొదలైన 1939లోనే జీతాల కోసం సమ్మెలు చేసి జైళ్ళకి వెళ్ళారు. టార్పెడో తగిలేది నీటి మట్టం కింద, అంటే వాళ్ళు పనిచేసే చోటే. బ్రిటిష్ ఓడల మీద పనిచేస్తూ పోయిన భారతీయ నావికులు 6 వేల మందికి పైగా. ఆ ట్యాంకరు నుంచి దూకే నీడల్లో మనవాళ్ళు ఉండి ఉంటారని అనుకోవడానికి పెద్ద ఊహ అక్కర్లేదు. లా రోషెల్ నుంచి బయల్దేరిన ఆ గొట్టంలో కూర్చుని మనం ఊపిరి బిగబట్టినప్పుడు, బిగబట్టింది మనవాళ్ళని చంపుతున్నవాళ్ళ కోసమే.

మహాభారతంలో యుద్ధం వద్దనుకుని పక్షం పట్టనివాడు బలరాముడు. ఆయన తీర్థయాత్రలకి వెళ్ళిపోయాడు. చివరి గదాయుద్ధానికి వచ్చి చూసి, కోపగించి వెళ్ళాడు. ఆయన నిష్పాక్షికత యుద్ధాన్ని చూడకపోవడంలో ఉంది. మన సినిమా వాళ్ళు యుద్ధం తీస్తూ రాజకీయం మాకు పట్టదంటే నాకు బలరాముడే గుర్తొస్తాడు. ఇంకొక మార్గం స్త్రీపర్వంలో ఉంది. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో మన గుండెని ఇంతగా పిండేది వేరొకటి లేదు. గాంధారి రణరంగమంతా తిరుగుతూ తన కొడుకుల కోసం ఏడుస్తుంది. అక్కడితో ఆగదు. అభిమన్యుడి దగ్గర ఏడుస్తుంది, ఉత్తరని చూసి ఏడుస్తుంది. ఆమె పక్షం ఏదో లోకానికంతా తెలుసు. అయినా ఆమె కళ్ళు అవతలి శవాన్ని దాటిపోలేదు. ఆ తరవాత ధృతరాష్ట్రుడు రెండు వైపులా పోయిన వాళ్ళ లెక్క అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. నా అనేవాళ్ళు లేని శవాలకీ సంస్కారాలు చెయ్యమని ఆజ్ఞ ఇస్తాడు. పక్షం ఉండడం తప్పు కాదని నేను ఆ పర్వం చదివే నేర్చుకున్నాను. పక్షం ఉన్నవాళ్ళు కూడా రెండో లెక్క అడగాలి, చెప్పాలి.

ఈ కొలతతో చూస్తే ఇంకొన్ని సినిమాలు కూడా బయటపడతాయి. క్యాథ్రిన్ బిగెలో 2008లో తీసిన 'ది హర్ట్ లాకర్' ఇరాక్ యుద్ధం తప్పా ఒప్పా అన్న ప్రశ్న జోలికి వెళ్ళదు. బాంబు విప్పే ఒక అమెరికన్ సైనికుడి నరాల వెంటే వెళ్తుంది. ఇరాకీలు ఎక్కువగా మేడల మీద నిలబడి చూసే గుంపు. అయితే అందులోనూ ఒంటికి బాంబు కట్టి తాళం వేసి ఉన్న ఒక ఇరాకీ మనిషి, నన్ను కాపాడండి, నాకు పిల్లలున్నారని వేడుకునే సీను ఉంది. 'దాస్ బోట్' ట్యాంకరు సీను చేసిన పనే అది చేసింది. క్రిస్టఫర్ నోలన్ 2017లో తీసిన 'డంకర్క్' మాత్రం తన పరిధిని ఇంకా బిగించుకుంది. జర్మన్ల మొహాలు చూపించకపోవడం నాకు తప్పనిపించలేదు, అది భయాన్ని చెప్పే పద్ధతి. కానీ ఆ తీరంలో కంచరగాడిదలతో సరుకు మోసిన భారతీయ దళాలు ఉన్నాయి. అవి తెర మీద లేవు. రాజకీయం మాట్లాడని సినిమా కూడా ఆ తీరంలో ఎవరు నిలబడ్డారో, ఎవరు నిలబడలేదో చెప్పేస్తుంది.

ఇక మన ఊరి సంగతి. ఈ సముద్రం మీద నుంచి విశాఖకి యుద్ధం రెండుసార్లు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన ఓడ అది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడు వల్లనో తను పరిచిన మైను వల్లనో అని పాకిస్తాన్ చెబుతుంది. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఎవరూ మిగల్లేదు.

ఆ ఉదంతం మీద సంకల్ప్ రెడ్డి 2017లో 'ఘాజీ' తీశారు. తెలుగులో జలాంతర్గామి సినిమా తీయడానికి గుండె ధైర్యం కావాలి. ఆయనకది ఉంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది, రావాల్సిందే. సెట్టు, శబ్దం, ఇరుకుదనం అన్నీ శ్రద్ధగా చేశారు. సినిమా మొదటి నుంచీ ఒక పక్షాన నిలబడింది, ఆ మాట దాచలేదు. దాని మీద నాకు అభ్యంతరం లేదు, మన తీరాన్ని కాపాడినవాళ్ళ కథ మనం మన పక్షం నుంచే చెప్పుకుంటాం. నాకున్న అసంతృప్తి వేరు. ఎదుటి పాకిస్తాన్ జలాంతర్గామిలోకి కూడా కెమెరా వెళ్ళింది కానీ అక్కడ మనిషిని వెతకలేదు. దాని కెప్టెన్ కోపం తప్ప ఇంకేమీ లేనివాడు. వంటవాడు లేడు, ఉత్తరం రాసుకునేవాడు లేడు, యోహాన్‌లా మతి చలించేవాడు లేడు. నీటి అడుగున ఊపిరి ఆగిపోవడం రెండు ఓడల్లోనూ ఒకేలా ఉంటుందని కురుసురాలో ఒక్కసారి నడిచినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన నౌకాదళం తన కొత్త లోతు నీటి రక్షణ వాహనంతో ఘాజీ శిథిలాలు ఉన్న చోటుని గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో తెలిసింది. అందులో చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో వాటిని తాకలేదని వార్తల్లో వచ్చింది. యుద్ధంలో ఎదురుగా నిలబడిన దళమే ఆ మర్యాద చూపించింది. 'దాస్ బోట్' తీసిన దేశంలో కూడా కాలం గడిచాక అడుగు ముందుకు పడింది. 2018లో అదే పేరుతో మొదలైన ధారావాహిక సగం కథని జలాంతర్గామిలోంచి బయటికి తెచ్చి, లా రోషెల్ వీధుల్లో, ఫ్రెంచి ప్రతిఘటనలో పెట్టింది. పాత సినిమా మూసి ఉంచిన తలుపులు కొన్ని అది తెరిచింది.

ఈ హాల్లో సినిమా తీయాలనుకునే పిల్లలు చాలామంది కూర్చున్నారు. మీకు ఒక పని చెబుతాను. ఘాజీ కథని 1971 నవంబరులో కరాచీ రేవు నుంచి మొదలుపెట్టి రాయండి. ఆ 90 మందిలో ఒక వంటవాణ్ణి, ఒక రేడియో కుర్రాణ్ణి, పెళ్ళి కుదిరిన ఒకణ్ణి ఎంచుకోండి. వాళ్ళు ఎందుకు వస్తున్నారో, విక్రాంత్ మునిగితే ఎంతమంది మనవాళ్ళు పోయేవారో కూడా దాచకుండా రాయండి. మీ పక్షం మార్చుకోనక్కర్లేదు. స్క్రిప్టు రాశాక ఈ ఫిల్మ్ సొసైటీకి పంపండి, మేం కూర్చుని చదువుతాం.